నెట్‌లో దొరికే లెసన్ ప్లాన్‌ని ప్రైమరీ క్లాసులో ఉన్నదున్నట్టు వాడొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: కొత్తగా మూడో తరగతి మీ చేతికొచ్చింది, ఆదివారం మొత్తం నెట్‌లో లెసన్ ప్లాన్లు వెతకడంతోనే అయిపోతోంది, తీరా దింపుకున్న ప్లాన్ క్లాసులో సగంలోనే చతికిలబడుతోంది. మంచివి ఎక్కడ దొరుకుతాయి, ఉన్నవి ఉన్నట్టు వాడొచ్చా, హెచ్‌ఎం గారికి చూపించే రికార్డులో అదే అతికించొచ్చా, లేకపోతే మొత్తం సొంతంగా రాసుకోవడమే నయమా అని.

సూటిగా చెప్తాను. నెట్ వాడండి, తప్పేం లేదు. కానీ ప్లాన్ మొత్తం తెచ్చుకోకండి, అందులోంచి ఒక్క ముక్క తెచ్చుకోండి. ఒక మంచి ప్రశ్న, ఒక మంచి బొమ్మ, ఒక ఆట, లేదా పిల్లలు ఎక్కడ తప్పు చేస్తారో చెప్పే ఒక్క లైను. మిగతాదంతా, అంటే ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆగాలి, ఎవరిని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి అన్నది మీ క్లాసును బట్టి ఉంటుంది, అది ఏ సైట్‌లోనూ దొరకదు. ఇంకో మాట, వెతకడం మొదలుపెట్టక ముందే పీరియడ్ చివర పిల్లలు చేయాల్సిన లెక్కో చెప్పాల్సిన జవాబో ఒకటి కాగితం మీద రాసుకోండి. అది రాసుకోకుండా కూర్చుంటే ఇరవై ట్యాబ్‌లు తెరుచుకోవడం ఖాయం, ఎందుకంటే ఏం కావాలో తెలియనప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి.

ఇరవై రెండేళ్లుగా ఒకటి నుంచి అయిదు దాకా అన్ని తరగతులూ చెప్పాను. నెట్ రాకముందు చార్టులు గీసుకున్నదాన్ని, వచ్చాక అందరిలాగే వెర్రిగా దింపుకున్నదాన్ని. నేను బోల్తా పడిన సంగతొకటి చెప్తే విషయం తేలిగ్గా అర్థమవుతుంది.

మూడో తరగతికి రెండంకెల తీసివేత. పక్కనుంచి అప్పు తెచ్చుకునే పాఠం. నెట్‌లో చాలా ముచ్చటైన వర్క్‌షీట్ దొరికింది, చుట్టూ బొమ్మలు, ఇరవై లెక్కలు, కింద జవాబులు కూడా ఉన్నాయి. ప్రింట్ తీసి, జిరాక్స్ కొట్టించి ఇచ్చాను. చాలామందికి ఇరవైకి పదిహేడు వచ్చాయి. పాఠం వచ్చేసిందని సంతోషపడి తర్వాతి యూనిట్‌కి వెళ్లిపోయాను. రెండు వారాల తర్వాత పరీక్షలో చూస్తే క్లాసు సగం బోల్తా. ఆ పాత షీట్లు తీసి మళ్లీ చూశాను. ఇరవై లెక్కల్లో పదిహేడు 68−25, 47−32, 96−54 లాంటివి, అంటే అసలు అప్పు అవసరమే లేనివి. అప్పు కావాల్సినవి మూడే: 52−27, 71−38, 60−24. తప్పు పోయినవి సరిగ్గా ఆ మూడే. జవాబులు కూడా అందరివీ ఒకటే: 35, 47, 44. అంటే పిల్లలు పైనుందా కిందుందా అని చూడకుండా, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేస్తున్నారు. ఏడులోంచి రెండు తీస్తే అయిదు, అయిదులోంచి రెండు తీస్తే మూడు, ముప్ఫై అయిదు. పదిహేడు మార్కులు వచ్చినవాడికి నేను చెప్పిన పాఠం ఒక్క ముక్క కూడా రాలేదన్నమాట, రాలేదని నాకు తెలియకుండా ఆ షీట్ కప్పేసింది.

షీట్‌లో అచ్చుతప్పు లేదు. జవాబులు సరైనవే. తయారుచేసినవాళ్లు బహుశా 'రెండంకెల తీసివేత' అని మాత్రమే అనుకుని చేసుంటారు, నాకు కావాల్సింది వేరే. నేను పిల్లాడిలా కూర్చుని ఒక్కసారి ఆ ఇరవై లెక్కలూ చేసుంటే అయిదు నిమిషాల్లో పట్టుబడేది. అందుకే అప్పటి నుంచి నాకొక నియమం ఉంది: నేను పెన్సిల్‌తో పూర్తిగా చేయని వర్క్‌షీట్ పిల్లల చేతికి వెళ్లదు. సరిగ్గా చేయడం ఒకసారి, తెలియని పిల్లాడు ఎలా చేస్తాడో అలా తప్పుగా చేయడం ఇంకోసారి. తప్పు పద్ధతిలో చేసినా సరైన జవాబు వచ్చేస్తోందంటే ఆ లెక్క పరీక్షకు పనికిరాదు.

ఇప్పుడదే పాఠానికి నేను ఎనిమిది లెక్కలే ఇస్తాను, బోర్డు మీదే, జిరాక్స్ కూడా అక్కర్లేదు. నాలుగు అప్పు కావాల్సినవి, నాలుగు అక్కర్లేనివి, కలగాపులగంగా. అక్కర్లేనివి ఎందుకంటే, అప్పు కొత్తగా నేర్చుకున్న పిల్లలు ఆ ఉత్సాహంలో 68−25కి కూడా పక్కింటికి అప్పుకి వెళ్తారు. చివర ఒక్కటి 403−178. పదుల స్థానంలో సున్నా ఉంది, అప్పు ఎవరిని అడగాలి అని వాళ్లు గిలగిల్లాడాలి. ఎవరైనా 375 అని రాస్తే పాత జబ్బు పోలేదని అర్థం. అసలు జవాబు 225.

ఇక మీ ప్లాన్లు సగంలో ఎందుకు ఆగిపోతున్నాయో చూద్దాం. మీ తప్పు కాదది. నెట్‌లో ప్లాన్ రాసినవాళ్లు తమ క్లాసును మనసులో పెట్టుకుని రాస్తారు, ఆ క్లాసులో ఎంతమంది ఉన్నారో, ముందు వారం ఏం చెప్పారో, కత్తెరలు ఎన్ని ఉన్నాయో రాయరు. 'జట్లుగా చర్చ, 10 నిమిషాలు' అని ఒక్క లైనుంటుంది. అలవాటు లేని పిల్లలతో జట్లు కట్టించడానికే పది నిమిషాలు పోతాయి. కాగితాలు పంచడం, బెంచీలు జరపడం, పెన్సిల్ విరిగినవాడి గొడవ, ఇవేవీ ఏ ప్లాన్‌లోనూ ఉండవు. నా లెక్కలో నెట్ ప్లాన్‌లో ఏ పనికి ఎంత టైం రాసుందో దానికి రెట్టింపు వేసుకోవాలి, వేసుకున్నాక పీరియడ్‌లో పట్టనిదంతా నిర్దాక్షిణ్యంగా కొట్టేయాలి. కొట్టేసేటప్పుడు మొదట పోవాల్సింది కత్తిరించడం, అతికించడం, రంగులేయడం.

ఆ మాట ఊరికే అనడం లేదు. భిన్నాలకి ఒకసారి రంగు కాగితాల ప్లాన్ తెచ్చాను. నాలుగు రంగుల పట్టీలు, ఒకటి రెండు భాగాలు, ఇంకోటి మూడు, ఇంకోటి నాలుగు, ఇలా. పిల్లలు చాలా హుషారుగా చేశారు, గోడకు కూడా అంటించాం, ఫొటోలు భలే వచ్చాయి. మర్నాడు 1/3 పెద్దదా 1/4 పెద్దదా అని అడిగితే క్లాసులో ఎక్కువమంది 1/4 అన్నారు, నాలుగు పెద్ద కదా టీచర్ అని. నిన్న చేసిన పట్టీలు గుర్తు లేవా అంటే ఒక పాప, నాది పసుపు టీచర్ అంది. పాపం, ఆ నలభై నిమిషాల్లో ఆ పిల్ల ఆలోచించింది రంగు గురించీ కత్తెర గురించే, ఎందుకంటే నేను ఇచ్చిన పని అదే. ఇప్పుడు ఒక్కొక్కరికి రెండే తెల్ల కాగితప్పట్టీలు ఇస్తాను, మడత పెట్టమంటాను, కత్తెర లేదు. మడిచే ముందే ఏ ముక్క పెద్దదవుతుందో అనుకుని నోట్‌బుక్‌లో రాయమంటాను. మూడు మడతలు సమానంగా పెట్టడం ఎంత కష్టమో వాళ్లకే తెలుస్తుంది, సమాన భాగాలు అన్న మాట అప్పుడు నోటికొస్తుంది. పన్నెండు నిమిషాల పని.

కాబట్టి ఏ యాక్టివిటీ చూసినా ఒకటే అడగండి: ఇది చేస్తున్నంతసేపూ పిల్లాడి బుర్రలో ఏముంటుంది? పాఠం ఉంటే తీసుకోండి, జిగురు ఉంటే వదిలేయండి.

తర్వాత తప్పుల సంగతి. నెట్‌లో ఒకరు పెట్టిన షీటునే ఇంకొకరు రంగు మార్చి పెడతారు, తప్పు కూడా దాంతోపాటే ఊరేగుతుంది. సైన్సులో ఇది మరీ ఎక్కువ. నాలుక పటం చూసే ఉంటారు, కొస మీద తీపి, వెనక చేదు, పక్కల పులుపు అని. 1901లో ఒక జర్మన్ శాస్త్రవేత్త చేసిన ప్రయోగాన్ని తర్వాతివాళ్లు సరిగా అర్థం చేసుకోకపోవడం వల్ల వచ్చిన బొమ్మ అది. నిజానికి రుచి మొగ్గలున్న ప్రతి చోటా అన్ని రుచులూ తెలుస్తాయి. నేనూ ఆ షీట్ దింపి, రంగులేయించి, నోటికి కూడా పట్టించాను. మర్నాడు ఒక అబ్బాయి నాలుక కొస బయటపెట్టి వేలితో చూపిస్తూ, 'టీచర్, ఇంట్లో ఉప్పు ఇక్కడ పెట్టి చూశా, ఇక్కడా తెలిసింది' అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వాడు చేసింది సైన్సు, నేను చెప్పింది షీటు.

అలాంటిదే ఇంకోటి, సూర్యుడికి భూమి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అన్న బొమ్మ. భూమి సూర్యుడికి దగ్గరగా వచ్చేది జనవరి మొదట్లో, అప్పుడు దూరం దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్లు. దూరంగా వెళ్లేది జులై మొదట్లో, దాదాపు 15.2 కోట్లు. దగ్గరవడమే కారణమైతే ఉత్తరార్ధగోళంలో జనవరిలో చలి ఎందుకు? అసలు కారణం భూమి అక్షం దాదాపు 23.5 డిగ్రీలు వాలి ఉండడం. మూడో తరగతికి అక్షం గొడవ అక్కర్లేదు కానీ, తప్పు బొమ్మ కూడా అక్కర్లేదు. ఒకసారి బుర్రలో పడితే తీయడం మన తర్వాత చెప్పేవాళ్లకి నరకం.

తప్పులు పిల్లల షీట్లలోనే కాదు, మనకి చెప్పే సలహాల్లోనూ ఉంటాయి. 'చదివింది పది శాతం గుర్తుంటుంది, చేసింది తొంభై శాతం గుర్తుంటుంది' అనే గోపురం బొమ్మ సగం లెసన్ ప్లాన్ల మీద కనిపిస్తుంది. ఎడ్గార్ డేల్ అనే అమెరికన్ విద్యావేత్త 1946లో వేసిన అసలు బొమ్మలో ఆ శాతాలే లేవు, ఎవరో తర్వాత తగిలించారు. పిల్లల్ని చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు, చేసి నేర్చేవాళ్లు అని విడగొట్టి మూడు రకాల పనులు పెట్టమనే ప్లాన్లు కూడా అంతే. 2008లో మనస్తత్వ శాస్త్రవేత్తలు కొందరు ఆ పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, అలా విడదీసి చెప్పడం వల్ల లాభమని నమ్మేంత ఆధారం లేదన్నారు. మీకు మూడు రెట్ల పని తప్పింది, సంతోషించండి.

స్టార్లు, డౌన్‌లోడ్ల సంఖ్య చూసి మోసపోకండి అని కూడా చెప్పాలి. టీచర్లే తయారుచేసి అమ్ముకునే సైట్లలో రివ్యూలు చదివితే చాలావరకు 'ఎంత క్యూట్‌గా ఉందో' అనే ఉంటాయి, క్లాసులో వాడాక ఏమైందో రాసినవాళ్లు తక్కువ. 2019లో అమెరికాలో ఫోర్డ్‌హామ్ ఇన్‌స్టిట్యూట్ అనే విద్యా పరిశోధన సంస్థ బాగా పేరున్న మూడు సైట్ల నుంచి మూడు వందలకు పైగా మెటీరియళ్లు తీసి నిపుణులతో చూపిస్తే ఎక్కువ భాగం అంతంతమాత్రమేననీ, వాడకపోవడమే మంచిదనీ తేల్చారు. అవి హైస్కూల్ ఇంగ్లిష్‌వి, మనవి కావు, అయినా ప్రైమరీ షీట్లు దింపుకునేటప్పుడు నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

మరి ఎక్కడ వెతకాలి? నేను తిరిగే చోట్లు మూడే మూడు, అంతకు మించి వెళ్లను. లెక్కలకి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ల ఎన్‌రిచ్ (NRICH) సైట్. అక్కడ లెక్క కన్నా దాని వెనకుండే టీచర్ నోట్స్ బంగారం: ఈ లెక్క ఎందుకు, ఏ ప్రశ్నలు అడగాలి, వెనకబడ్డవాళ్లకి ఎలా సాయం చేయాలి, ముందే అయిపోయినవాళ్లకి ఏమివ్వాలి, ఇవన్నీ విడివిడిగా రాస్తారు. ఏ సైట్‌లోనైనా ప్లాన్ నాణ్యత చూడాలంటే నేను ముందు వెతికేది ఆ ప్రశ్నల భాగాన్నే. అది లేకుండా 'టీచర్ వివరిస్తారు, పిల్లలు అర్థం చేసుకుంటారు' అని ఉంటే అక్కడే మూసేస్తాను. అర్థం చేసుకుంటారని రాసినంత మాత్రాన అర్థమైపోతే మనమెందుకు!

రెండోది ఫెట్ (PhET). నోబెల్ వచ్చిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన సిమ్యులేషన్లు, అంటే తెర మీద పిల్లలే కదిపి, మార్చి చూసుకునే ప్రయోగాలు. భిన్నాలు, తూకం, గుణకారం లాంటివి చిన్నపిల్లలకి బాగా పనికొస్తాయి. ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే నెట్ లేకున్నా నడుస్తాయి. వీడియో అయినా సిమ్యులేషన్ అయినా క్లాసులో లైవ్‌గా తెరవాలని చూడకండి, ఆ గుండ్రం తిరుగుతూ ఉంటే నలభై మంది పిల్లల్ని పట్టుకోవడం ఎవరి తరం కాదు.

మూడోది చదివించడానికి, పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో తెచ్చిన స్టోరీవీవర్ అనే కథల సైట్. తెలుగు కథలు ఉన్నాయి, నాలుగు స్థాయిలుగా విడదీసి పెట్టారు, ప్రింట్ తీసుకోవచ్చు. స్థాయి అక్కడ రాసిందని నమ్మకుండా ఒక పేజీ పైకి చదివి ఒత్తులు, సంయుక్తాక్షరాలు ఎన్ని ఉన్నాయో చూసుకోండి, మూడో తరగతిలో ఇంకా గుణింతాల దగ్గరే ఉన్న పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు.

చదవడం గురించి మాటొచ్చింది కాబట్టి ఇది కూడా. ఇంగ్లిష్ చదువుకి రాసిన ఫోనిక్స్ ప్లాన్‌ని, అంటే ఏ అక్షరానికి ఏ శబ్దమో నేర్పి చదివించే ప్లాన్‌ని, తెలుగు నేర్పడానికి మార్చుకోకండి. ఇంగ్లిష్‌లో ఒకే అక్షరానికి నాలుగు శబ్దాలు, అదే వాళ్ల బాధ. మనకి ఆ బాధ దాదాపు లేదు. మన పిల్లలు తట్టుకుని పడేది వేరే చోట, 'కి'కీ 'కీ'కీ తేడా, 'మ'కీ 'వ'కీ పోలిక, ఒత్తు కింద రాస్తే ముందు ఏది పలకాలన్నది. వాళ్ల ప్లాన్‌లోంచి ఆట తీసుకోండి, కార్డులు తిప్పడం, జోడీలు కలపడం లాంటివి, కార్డు మీద రాసేది మాత్రం మీ క్లాసు తప్పుల్లోంచి తీసి రాయండి.

కాపీరైట్ గురించి రెండు ముక్కలు. ఫ్రీగా దొరికిందంటే క్లాసులో వాడుకోవచ్చని అర్థం కావచ్చు, వాట్సాప్ గ్రూపులో అందరికీ పంచొచ్చని కాదు. క్రియేటివ్ కామన్స్ గుర్తు, అంటే ఏ షరతులతో వాడుకోవచ్చో చేసినవాళ్లే ముందుగా చెప్పే గుర్తు, ఉంటే పని సులువు: బీవై అంటే చేసినవాళ్ల పేరు చెప్పాలి, ఎన్‌సీ అంటే అమ్ముకోకూడదు, ఎస్‌ఏ అంటే మీరు మార్చి పంచినా అదే షరతుతో పంచాలి, ఎన్‌డీ అంటే మార్చిన కాపీని పంచకూడదు. కొన్న షీట్ అయితే సాధారణంగా కొన్నవాళ్ల క్లాసు వరకే. పిల్లల పేర్లు, ఫొటోలు అడిగే యాప్‌లు ఎంత బాగున్నా వద్దు, క్విజ్‌లో రోల్ నంబర్ చాలు.

ఏఐని అడిగి రాయించుకోవచ్చా అని మీరు అడగలేదు కానీ, తర్వాతి ప్రశ్న అదే అవుతుంది. నేను వాడతాను. ప్లాన్ రాయమని అడగను, అడిగితే ఎవరికైనా సరిపోయే, ఎవరికీ పనికిరాని రెండు పేజీలు ఇస్తుంది. '52−27 చేసేటప్పుడు మూడో తరగతి పిల్లలు ఎన్ని రకాలుగా తప్పు చేయొచ్చు, ఒక్కో తప్పుకి వచ్చే జవాబు రాయి' అని అడుగుతాను. అప్పుడు నిజంగా పనికొచ్చేది ఇస్తుంది, అయితే ప్రతి లెక్కా మళ్లీ చేసి చూస్తాను. ఒకసారి సమానంగా పంచే లెక్కలు అడిగితే పదిహేడుని అయిదుగురికి పంచమంది. శేషం ఇంకా చెప్పని క్లాసులో అది ఇస్తే ఆ పీరియడ్ గోవిందా.

ఇక రికార్డు సంగతి. నెట్ ప్లాన్ ఉన్నదున్నట్టు అతికించకండి, దొరికిపోతామని కాదు, వచ్చే ఏడాది అది మీకే పనికిరాదు. అర పేజీ చాలు: చివర అడగబోయే ప్రశ్న, నెట్ నుంచి తెచ్చిన ముక్క, అది ఎక్కడిది, వచ్చే తప్పు ఏమై ఉంటుంది. క్లాసు అయ్యాక మార్జిన్‌లో మీకు మాత్రమే అర్థమయ్యేలా రెండు లైన్లు, ఏం జరిగిందో. మీ దగ్గర ముద్రించిన ఫార్మాట్ ఉంటే ఆ గడులు నింపండి, గొడవ లేదు, మార్జిన్ మాత్రం వదలకండి. మా హెచ్‌ఎం గారు ఒకసారి నా రికార్డు తిరగేస్తూ, నీట్‌గా రాసిన రెండు పేజీలూ గబగబా దాటేసి, పక్కన పెన్సిల్‌తో గీకిన '403 దగ్గర పదకొండు మంది పడ్డారు, రేపు మళ్లీ' అన్న చోట ఆగి, మర్నాడు ఏం చేశారు అని అడిగారు.